ఒక తప్పు పుట్టినతేదీ, రెండు చట్టాలు: కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒక కక్షిదారు కేసు

కడప కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదికి పాస్‌పోర్టు చట్టం, ఎమిగ్రేషన్ చట్టం ఎప్పుడో ఒకసారి తిరగేసే పుస్తకాలు కావు. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు, చిట్వేలు, పుల్లంపేట ప్రాంతాల నుంచి కువైట్‌కు వలస తరాలుగా సాగుతోంది. ఆ వలసలో కాగితాల దగ్గర జరిగిన తేడాల్లో చాలా భాగం, కొన్నేళ్ళు ఆలస్యంగానైనా, ఏదో ఒక పోలీసు స్టేషను మీదుగా మేజిస్ట్రేటు కోర్టుకు చేరుతాయి. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక కేసు. కక్షిదారును గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, కుటుంబ వివరాలు, కొన్ని తేదీలు మార్చాను. చట్టపరంగా ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్న క్రమాన్ని మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసులో తోటి న్యాయవాదులకు పనికొచ్చేది ఆ క్రమమే. జరిగిన పని ఒక్కటే అయినా ఒక చట్టం ఆమెను ముద్దాయిగా నిలబెట్టింది, ఇంకో చట్టం ఆమెకు ఫిర్యాదుదారుగా నిలబడే హక్కు ఇచ్చింది. వీటిలో మొదటి చట్టం కాగితం ముందుగా కదిలింది.

ఆమెది రాయచోటి వైపు ఒక మెట్ట పల్లె. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివింది, తెలుగులో సంతకం చేయగలదు. బడి అడ్మిషన్ రిజిస్టరు ప్రకారం పుట్టింది 1990లో. 2012లో ఆమెకు 22 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, ఎండిపోయిన రెండు బోర్ల మీద అప్పు. ఊరి బ్రోకరు ఒకరు ఆమెను పట్నంలోని ఏజెంటు దగ్గరికి తీసుకుపోయాడు. అతనికి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదు. కువైట్‌లో ఇంటి పనికి ఖాదిమ్ వీసా వస్తుందని, పాస్‌పోర్టు ఖర్చులకు, మెడికల్‌కు తప్ప ఆమె ఏమీ ఇవ్వనక్కర్లేదని చెప్పారు. ఆడవాళ్ళ ఇంటిపని వీసాల విషయంలో ఇది మామూలే. ఏజెంటుకు డబ్బు అక్కడి కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని) వైపు నుంచి వస్తుంది. ఈ వివరం చిన్నదిగా కనిపించినా తర్వాత ఏజెంటు మీద మోసం నేరం మోపేటప్పుడు పెద్ద అడ్డంకిగా మారింది.

పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్) కోవలోకి వస్తుంది. కువైట్‌తో సహా గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే అలాంటి వారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి 30 ఏళ్ళు నిండకపోతే ఆ క్లియరెన్స్ ఇవ్వరు. వయసులో చిన్నవాళ్ళు ఇళ్ళలో పనికి పోయి దోపిడీకి గురికాకూడదన్నది ఈ నిబంధన ఉద్దేశం. ఏజెంటు ఆమె పుట్టిన సంవత్సరాన్ని 1981 చేశాడు. దాంతో వయసు 31 అయింది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది, అది ఈ వ్యాపారంలో ఆరితేరినవాళ్ళకే తెలుస్తుంది. ఆ రోజుల్లో 1989 జనవరి 26 తర్వాత పుట్టినవారు పాస్‌పోర్టుకు జనన ధ్రువపత్రం ఇవ్వడం తప్పనిసరి. అంతకు ముందు పుట్టినవారిలో చదువురానివాళ్ళు పుట్టినతేదీ గురించి ఒక అఫిడవిట్ ఇస్తే సరిపోయేది. 1990ని 1981గా మార్చడంతో 30 ఏళ్ళ షరతూ తీరింది, జనన ధ్రువపత్రం బెడదా తప్పింది. నోటరీ ముందు ప్రమాణం చేసినట్టుగా ఒక అఫిడవిట్ తయారైంది. అందులో ఆమె నిరక్షరాస్యురాలని రాసి, కింద ఎడమ బొటనవేలి ముద్ర వేశారు.

కువైట్‌లో జరిగినదాన్ని ఈ కేసుకు అవసరమైన మేరకే చెబుతాను. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది. జీతం కొన్నాళ్ళు సరిగా వచ్చి తర్వాత ఆగింది. ఆమె ఆ ఇల్లు వదిలి బయట పని చూసుకుంది. ఆమె పారిపోయిందని కఫీల్ కేసు పెట్టాడు, ఆకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) రద్దయింది, మన వాళ్ళ మాటలో చెప్పాలంటే ఖల్లివెల్లి అయింది. అక్కడి చట్టంలో ఆకామా లేకుండా ఉండటమే నేరం, రోజులు గడిచేకొద్దీ జరిమానా పెరుగుతుంది, పట్టుబడితే వేలిముద్రలు తీసుకుని తిప్పి పంపిస్తారు, ఆ ముద్రలు పడినవాళ్ళకు మళ్ళీ ప్రవేశం ఉండదు. 2018 జనవరి చివర్లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించి ఏప్రిల్ దాకా పొడిగించింది. ఆ అవకాశం తీసుకున్నవాళ్ళు జరిమానా కట్టకుండా వెళ్ళిపోవచ్చు, కొత్త వీసా మీద మళ్ళీ రావచ్చు. పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్ళు తిరిగి రావడానికి భారత రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ మీద ఆమె చెన్నైలో దిగింది. ఔట్‌పాస్ మీద కూడా పుట్టిన సంవత్సరం 1981గానే ఉంది.

2022లో ఆమె నిజంగానే 32 ఏళ్ళ మనిషి. చట్టం ఒప్పుకునే వయసు వచ్చింది, మళ్ళీ కువైట్ పోవాలనుకుంది. ఆధార్‌లో సరైన సంవత్సరం ఉంది కాబట్టి ఈసారి సరైన తేదీతోనే దరఖాస్తు చేయించుకుంది. అయితే నెట్ సెంటర్‌లో ఫారం నింపిన కుర్రాడు దాన్ని రీఇష్యూగా కాకుండా మొదటిసారి తీసుకునే కొత్త పాస్‌పోర్టుగా నింపాడు, పాత పాస్‌పోర్టు గురించిన గడిలో లేదని పెట్టాడు. పాస్‌పోర్టు కార్యాలయం పాత ఫైలుతో పోల్చి చూస్తే పేరు, తండ్రి పేరు, ఫోటో కలిశాయి, పుట్టినతేదీ కలవలేదు. ఇలాంటి ఫైళ్ళలో సంజాయిషీ తీసుకుని, అపరాధ రుసుముతో ముగించేవి కూడా ఉంటాయి. దీన్ని మాత్రం పోలీసులకు పంపారు.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఉమ్మడి కడప జిల్లా నుంచి రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా ఏర్పడింది. లేఖ ముందు పాత జిల్లాకు పోయి అక్కడి నుంచి కొత్త జిల్లాకు వచ్చింది. పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 12(1)(బి), ఐపీసీ 420 (మోసం), 468 (మోసం కోసం ఫోర్జరీ), 471 (ఫోర్జరీ పత్రాన్ని వాడటం) సెక్షన్ల కింద ఎఫ్.ఐ.ఆర్. నమోదైంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో కొత్త చట్టాలు వచ్చాయి, ఇక్కడ చెప్పే వాటి సెక్షన్లు అప్పట్లో అమల్లో ఉన్నవి. ముద్దాయి ఆమె ఒక్కతే. ఏజెంటు పేరు ఎక్కడా లేదు, ఎందుకంటే పాస్‌పోర్టు కార్యాలయం కాగితాల్లో ఏజెంటు ఉండడు, దరఖాస్తుదారు మాత్రమే ఉంటారు.

ఆమె నా దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో సీఆర్‌పీసీ 41-ఎ కింద విచారణకు రమ్మన్న పోలీసు నోటీసు ఉంది. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో వెంటనే అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి విచారించాలన్న పద్ధతికి 2014లో అర్నేశ్ కుమార్ తీర్పుతో సుప్రీంకోర్టు పట్టు తెచ్చింది కాబట్టి అరెస్టు భయం అంత లేదు. పుట్టినతేదీ గురించి అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకు కేసంతా పనికొచ్చింది. “యాడ సంతకం పెట్టమంటే ఆడ పెట్టినా సార్. నువ్వెప్పుడు పుట్టినావని నన్నెవరూ అడగల్యా.” అఫిడవిట్ నకలు చూపించి ఈ వేలిముద్ర నీదేనా అమ్మా అని అడిగితే, “నాకు సంతకం వస్తాది కదా సార్, ముద్ర ఎందుకేస్తా?” అంది.

2022 సెప్టెంబరులోనే రాచకొండ పోలీసులు, కువైట్ నుంచి తిప్పి పంపినవాళ్ళు మళ్ళీ పోవడానికి వేలి కొనల చర్మం కోసి కుట్టి ముద్రలు మార్చే ముఠాను పట్టుకున్నారు. ఒక్కొక్కరి దగ్గర 25 వేల రూపాయలు తీసుకున్నారని ప్రకటించారు, పట్టుబడినవాళ్ళలో కడప వాళ్ళున్నారు. ఆ వార్త వచ్చాక విచారణాధికారి ఈమెను రెండు చేతులూ బల్ల మీద పెట్టించి ఒక్కో వేలూ తిప్పి చూశాడు. ఆమె మీద అలాంటి ఆరోపణ ఏదీ లేదు. క్షమాభిక్షలో వచ్చిన మనిషికి ముద్రలు మార్చుకోవలసిన పనే లేదని చెప్పవలసి వచ్చింది. కువైట్ నుంచి తిరిగి రావడంలో క్షమాభిక్ష, ఔట్‌పాస్, డిపోర్టేషన్ వేర్వేరని, చట్టరీత్యా వాటి ఫలితాలు వేర్వేరని మన స్టేషన్లలో చాలామందికి తెలియదు. బెయిలు పిటిషన్లలోనైనా ఈ తేడాను ఒక పేరాలో వివరించడం నాకు అప్పటి నుంచి అలవాటు.

అభియోగాలను విడదీయడం మొదటి పని. ప్రాసిక్యూషన్ 2012 నాటి పనిని, 2022 నాటి పనిని ఒకే కుట్రగా చూపించింది. అవి రెండు వేర్వేరు పనులు. 2012లో తప్పుడు తేదీ ఇచ్చినప్పుడు ఆమెకు ఆ సంగతి తెలుసా అన్నది ప్రశ్న. సెక్షన్ 12(1)(బి) తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడాన్నే శిక్షిస్తుంది. 2022లో తేదీ సరైనదే, కానీ పాత పాస్‌పోర్టు సంగతి దాచినట్టయింది. నిజం చెప్పాలంటే మొదటిదానికంటే రెండోదే మనకు గడ్డు. నెట్ సెంటర్ కుర్రాడు నింపాడన్నది వివరణే తప్ప పూర్తి రక్షణ కాదు, ఫారం కింద సంతకం ఆమెది. అందుకే 2022 విషయంలో వాదనకు దిగకుండా, పాత పాస్‌పోర్టు నంబరు, ఔట్‌పాస్ వివరాలు, బడి రికార్డు జతచేసి పాస్‌పోర్టు అధికారికి ఆమె తరఫున పూర్తి వివరణ పంపించాము. ముద్దాయిగా ఉన్న మనిషి చేత అధికారికి రాతపూర్వకంగా వివరాలు ఇప్పించడం ప్రమాదమని నా సీనియర్ ఒకరు అన్నారు. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. కానీ ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇవ్వవలసిన వైపు ఫైలులో మన మాట కూడా ఉండాలన్నది నా ఆలోచన.

పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 15 ప్రకారం కేంద్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన అధికారి గాని ముందుగా అనుమతి ఇస్తే తప్ప ఆ చట్టం కింద ప్రాసిక్యూషన్ నడవదు. ఎఫ్.ఐ.ఆర్.కు, దర్యాప్తుకు ఆ అనుమతి అక్కర్లేదు. కోర్టు కేసును విచారణకు స్వీకరించే వేళకు మాత్రం అది ఫైలులో ఉండాలి. పాస్‌పోర్టు కార్యాలయం ఫిర్యాదు లేఖ పంపింది కదా, అదే అనుమతి అని మన స్టేషన్లలో అనుకుంటారు. ఫిర్యాదు వేరు, సాక్ష్యాధారాలు పరిశీలించి ఇచ్చే అనుమతి ఉత్తర్వు వేరు. ఈ కేసులో చార్జిషీటు అనుమతి లేకుండానే వచ్చింది, మేజిస్ట్రేటు కోర్టు అన్ని సెక్షన్ల కిందా కేసును స్వీకరించింది.

ఐపీసీ సెక్షన్లు ఎందుకు చేర్చారన్నది గమనించవలసిన విషయం. సెక్షన్ 12(1) కింద గరిష్ఠ శిక్ష రెండేళ్ళ జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అలాంటి నేరానికి సీఆర్‌పీసీ 468 ప్రకారం మూడేళ్ళ కాలపరిమితి ఉండేది. 2012 నాటి పనికి 2022లో కేసు పెడితే, ఆ నేరం మాకు ఇప్పుడే తెలిసిందని సెక్షన్ 469 కింద వాదించుకోవలసి వస్తుంది. ఏడేళ్ళ శిక్ష ఉన్న 420 చేర్చితే ఆ బాధ ఉండదు, ఎందుకంటే కలిపి విచారించే నేరాలకు కాలపరిమితిని వాటిలో ఎక్కువ శిక్ష ఉన్న నేరాన్ని బట్టి లెక్కించాలని సీఆర్‌పీసీ 468(3) చెప్పేది. పాస్‌పోర్టును ఆస్తి అనవచ్చా అన్న ప్రశ్న వేస్తే ప్రాసిక్యూషన్ 1961 నాటి అభయానంద్ మిశ్రా తీర్పు చూపిస్తుంది. పరీక్షకు ఇచ్చే అడ్మిషన్ కార్డు కూడా మోసం నేరానికి సంబంధించినంత వరకు ఆస్తేనని సుప్రీంకోర్టు అందులో అంది. కాబట్టి ఆ దారిన పోయి లాభం లేదని ముందే వదిలేశాను. ఐపీసీ 468 మాత్రం నిలవదు. తప్పుడు పత్రాన్ని తయారు చేసినవాళ్ళ మీదే ఫోర్జరీ నిలుస్తుందని 2009లో మహమ్మద్ ఇబ్రహీం, 2018లో షీలా సెబాస్టియన్ తీర్పుల్లో స్పష్టమైంది.

ఇంకో వైపు, ఏజెంటు. 1983 ఎమిగ్రేషన్ చట్టం సెక్షన్ 10 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశాలకు మనుషులను పనికి పంపే వ్యాపారం చేయకూడదు. సెక్షన్ 24 దానికి రెండేళ్ళ దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా చెబుతుంది. ఈ చట్టం కింద కూడా కేంద్రం అనుమతి కావాలి, సెక్షన్ 27 అదే అంటుంది. కానీ దాని కింద ఒక మినహాయింపు ఉంది. నేరం వలస వెళ్ళిన మనిషికి గాని, వెళ్ళబోయే మనిషికి గాని సంబంధించినదై, ఫిర్యాదు ఆ మనిషే చేస్తే, లేదా ఆ మనిషి తరఫున తల్లి, తండ్రి, భర్త, భార్య, బిడ్డలు, తోబుట్టువులు చేస్తే, అనుమతి అక్కర్లేదు. గల్ఫ్ కేసులు చేసే న్యాయవాదుల్లో కూడా ఈ మినహాయింపును వాడుకునేవాళ్ళు తక్కువని నా అభిప్రాయం.

ఇక్కడ దారి ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. మామూలుగా అయితే ముందు స్టేషనులో, తర్వాత ఎస్పీకి ఫిర్యాదు ఇచ్చి, అప్పటికీ కదలకపోతే సీఆర్‌పీసీ 156(3) కింద మేజిస్ట్రేటు ద్వారా ఎఫ్.ఐ.ఆర్. వేయించేవాళ్ళం. 2015 నాటి ప్రియాంకా శ్రీవాస్తవ తీర్పు తర్వాత దానికి అఫిడవిట్ కూడా జతచేయవలసి వచ్చేది. కానీ ఆ దారిలో చివరికి వచ్చేది పోలీసు రిపోర్టు. సీఆర్‌పీసీ నిర్వచనంలో ఫిర్యాదు అంటే పోలీసు రిపోర్టు కాదు. అప్పుడు ఏజెంటు వైపు న్యాయవాది, మినహాయింపు మీకు వర్తించదు, కేంద్రం అనుమతి చూపించండి అంటాడు. అందుకని నేరుగా సీఆర్‌పీసీ సెక్షన్ 200 కింద ప్రైవేటు ఫిర్యాదు వేసి ఆమె ప్రమాణ వాంగ్మూలం నమోదు చేయించాము. కాలపరిమితి సంగతికి వస్తే, రెండేళ్ళ శిక్ష ఉన్న ఎమిగ్రేషన్ నేరం ఒక్కటే వేస్తే మూడేళ్ళ గడువు ఎప్పుడో దాటిపోయింది. అఫిడవిట్ తయారీకి సంబంధించిన ఫోర్జరీ నేరాలను ఏజెంటు మీద కలిపి వేశాము. ప్రాసిక్యూషన్ ఆమె మీద వాడిన సీఆర్‌పీసీ 468(3)నే ఏజెంటు మీద మేము వాడుకున్నాము.

మానవ అక్రమ రవాణా కింద ఐపీసీ 370 వేయవచ్చు కదా అని ఆమె తమ్ముడు అడిగాడు. ఆ సెక్షన్ ఇప్పటి రూపంలోకి వచ్చింది 2013 ఫిబ్రవరిలో. ఆమె వెళ్ళింది 2012లో. తర్వాత వచ్చిన నేరాన్ని వెనకటి పనికి వర్తింపజేయడం రాజ్యాంగం 20(1) అధికరణం ఒప్పుకోదు. 420 కింద కూడా ఏజెంటు చెప్పే జవాబు సిద్ధంగానే ఉంది: ఆమె దగ్గర నేను డబ్బు తీసుకోలేదు, మోసపోయిందేమిటి? సెక్షన్ 10కి డబ్బుతో పనిలేదు, లైసెన్సు లేకుండా ఆ పని చేయడమే నేరం. కాబట్టి కేసు బరువంతా చూడటానికి చిన్నదైన ఆ సెక్షన్ మీద, ఫోర్జరీ మీద పెట్టాము.

ఆమె మీది కేసు కొట్టివేయమని హైకోర్టులో సీఆర్‌పీసీ 482 కింద వేసిన పిటిషన్‌లో కొంత దొరికింది, కొంత దొరకలేదు. అనుమతి లేనందున పాస్‌పోర్టు చట్టం అభియోగాన్ని కొట్టివేశారు, అనుమతి తెచ్చుకుని మళ్ళీ చర్య తీసుకునే స్వేచ్ఛ ప్రాసిక్యూషన్‌కు ఇచ్చారు. ఐపీసీ 468 పోయింది. 420, 471 విషయంలో ఆమెకు తెలుసా లేదా అన్నది సాక్ష్యం మీద తేలవలసిన సంగతి కాబట్టి విచారణ జరగాల్సిందేనన్నారు.

విచారణలో అసలు వస్తువు ఆ వేలిముద్ర. చార్జిషీటుతో వచ్చింది జిరాక్సు ప్రతి, అందులో ముద్ర నల్లటి మరకలా ఉంది, గీతలు లేవు. అసలు అఫిడవిట్‌ను పాస్‌పోర్టు కార్యాలయం నుంచి సీఆర్‌పీసీ సెక్షన్ 91 కింద సమన్లతో తెప్పించమని, ఆమె ముద్రలు కోర్టు ముందే తీసుకుని నిపుణుడికి పంపమని అడిగాము. ముద్రలు ఇమ్మని ఆదేశించే అధికారం అప్పటి సాక్ష్య చట్టం సెక్షన్ 73 కోర్టుకు ఇచ్చేది. ముద్దాయి తనకు తానే ఇలాంటి పరీక్ష కోరడం ప్రాసిక్యూషన్ ఊహించలేదు. అసలు కాగితం వచ్చినప్పుడు నోటరీ ముద్ర, పది రూపాయల స్టాంపు, అడుగున ఊదారంగు సిరాతో బొటనవేలి ముద్ర శుభ్రంగా ఉన్నాయి. అదే ఫైలులో దరఖాస్తు మీద ఆమె తెలుగు సంతకం, అక్షరాలు విడివిడిగా, చివరి అక్షరం గడి దాటి ఉంది. ఒకే ఫైలులో ఒకే మనిషి ఒక కాగితం మీద నిరక్షరాస్యురాలు, ఇంకో కాగితం మీద సంతకం చేసిన మనిషి. ఈ తేడా అప్పట్లో ఎవరి కంటా పడలేదు. ముద్ర ఆమెది కాదని నిపుణుడి నివేదిక వచ్చింది.

దాని మీద ప్రాసిక్యూషన్ చివరి ప్రయత్నంగా 1990 మాత్రం నిజమని ఏమిటి ఆధారం అని అడిగింది. ఆ ప్రశ్నలో బలం లేకపోలేదు. మన పల్లె బళ్ళలో పుట్టినతేదీలు బడి తెరిచే నెలలో కుప్పగా పడి ఉంటాయి, అయ్యవారు పిల్లను చూసి, చేయి తల మీదుగా తిప్పి చెవి అందుతుందో లేదో చూసి, ఒక తేదీ రాసేవారు. ప్రధానోపాధ్యాయుడు రిజిస్టరుతో సాక్ష్యం చెప్పినప్పుడు ఆ పేజీలో సగం మంది జూన్‌లోనే పుట్టినట్టు కనిపించింది. అయినా ఆ రిజిస్టరు ఈ గొడవ పుట్టకముందు, దేనికీ ఉద్దేశించకుండా రాసినది, ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు గాని తొమ్మిదేళ్ళ తేడా రాదు. కోర్టు దాన్ని అంగీకరించింది. 2012 నాటి పనికి సంబంధించిన రెండు అభియోగాల్లోనూ ఆమె నిర్దోషిగా బయటపడింది.

ఇదంతా నడుస్తున్నప్పుడు ఏజెంటు మనిషిని పంపి రాజీ మాట్లాడాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే పిల్ల చదువుకు కొంత డబ్బు ఇస్తామన్నారు. ఆమెకు ఆ డబ్బు అవసరం ఉంది. నేను వద్దనలేదు, వద్దనే అధికారం నాకు లేదు. కానీ ఆమె స్వంత కేసులో మన వాదనంతా ఏజెంటు చేసిన పని అన్నదాని మీదే నిలబడి ఉంది. అతని మీద ఫిర్యాదు తీసేస్తే, ఆ మాట తప్పించుకోవడానికి చెప్పిందే అని ప్రాసిక్యూషన్ రెండో రోజే అంటుంది. పైగా సెక్షన్ 10 నేరానికి రాజీ లేదు. ఈ రెండూ వివరించాను, ఆమె రెండు రోజులు ఆలోచించుకుని రాజీ వద్దంది.

ఎల్‌ఓసీ గురించి ఒక మాట. ఆమె మీద లుకౌట్ సర్క్యులర్ (దేశం దాటిపోకుండా విమానాశ్రయంలోనే ఆపమనే ఉత్తర్వు) అడగాలని స్టేషనులో ఒక దశలో అనుకున్నారు. విచారణకు పిలిచినప్పుడల్లా వచ్చిన మనిషి మీద, ఉద్దేశపూర్వకంగా తప్పించుకుంటున్న నిందితుల కోసం పెట్టిన ఏర్పాటును వాడటం కుదరదని ఎస్పీకి రాతపూర్వకంగా ఇచ్చాము. అది అంతటితో ఆగింది. ఎల్‌ఓసీ పడిన సంగతి మనిషికి విమానాశ్రయంలో కౌంటరు దగ్గరే తెలుస్తుంది కాబట్టి, ఈ మాదిరి కేసుల్లో ముందుగానే ఒక కాగితం పెట్టి ఉంచడం మేలు.

కేసు పెండింగులో ఉండగా పాస్‌పోర్టు సంగతి వేరే తల నొప్పి. ఎఫ్.ఐ.ఆర్. దశలో పాస్‌పోర్టు నిరాకరించడానికి పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6(2)(ఎఫ్) వర్తించదు, క్రిమినల్ కోర్టు ముందు కేసు ఉండాలి. చార్జిషీటు స్వీకరించాక అది వర్తిస్తుంది. అప్పుడు 1993 ఆగస్టు 25 నాటి జీఎస్ఆర్ 570(ఇ) నోటిఫికేషన్ కింద, విచారణ కోర్టు అనుమతి ఉత్తర్వు చూపిస్తే ఆ ఉత్తర్వులో చెప్పిన కాలానికి, కాలం చెప్పకపోతే ఒక ఏడాదికి పాస్‌పోర్టు ఇస్తారు. మన కోర్టుల్లో ఈ అనుమతి అడిగేటప్పుడు కాలం రాయించుకోవడం మరిచిపోతే ఏడాదికోసారి మళ్ళీ తిరగవలసి ఉంటుంది. పోలీసులు పాస్‌పోర్టు స్వాధీనం చేసుకున్నా దాన్ని తమ దగ్గరే పెట్టుకుని కూర్చోలేరని, జప్తు చేసే అధికారం పాస్‌పోర్టు అధికారికే ఉందని 2008లో సురేశ్ నందా తీర్పు చెప్పింది. ఈమె పాత పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే పోయింది కాబట్టి మాకు ఆ తీర్పు అవసరం రాలేదు.

నిర్దోషిగా తేలాక కూడా 2022 నాటి పని మిగిలింది. ప్రాసిక్యూషన్ ఈసారి అనుమతి తెచ్చుకుంది. కానీ ఆ ఉత్తర్వు 2022లో పాత పాస్‌పోర్టు సంగతి దాచినదానికే పరిమితమైంది, 2012 గురించి ఏమీ లేదు. ముందే పంపిన మన వివరణ ఆ ఫైలులో ఉన్నందునే అలా జరిగిందని నేను రుజువు చేయలేను గాని, ఉత్తర్వులో ఆ లేఖ ప్రస్తావన మాత్రం ఉంది. అనుమతి కోసం గడిచిన కాలాన్ని సీఆర్‌పీసీ 470(3) మినహాయిస్తుంది కాబట్టి కాలపరిమితి వాదన నిలవదు.

ఇక్కడ చాలామంది న్యాయవాదులు ఇచ్చే సలహా తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి బయటపడమని. ఆ సలహాలో చట్టరీత్యా లోపం లేదు. జరిమానా పడినంత మాత్రాన పాస్‌పోర్టు ఆగదు, నైతిక పతనంతో కూడిన నేరానికి రెండేళ్ళకు తగ్గని శిక్ష పడితేనే సెక్షన్ 6(2)(ఇ) అడ్డు వస్తుంది. కానీ ఈమెకు కావలసింది పాస్‌పోర్టు కాదు, దాని మీద పడే వీసా. కువైట్ వీసాకు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. శిక్ష పడిన రికార్డు దాంట్లో కనిపిస్తే 5,000 లోపు జరిమానాతో ముగిసిన కేసు ఆమెకు ఆ దేశం దారి మూసేస్తుంది. అందుకని ఆమె తప్పు ఒప్పుకున్నా, 1958 ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం సెక్షన్ 3 కింద మందలింపుతో వదిలిపెట్టమని అడిగాము. ఏ చట్టం కిందైనా రెండేళ్ళకు మించని శిక్ష ఉన్న నేరానికి, ముందు శిక్ష పడని మనిషికి ఆ సెక్షన్ వర్తిస్తుంది, పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 12(1) సరిగ్గా ఆ కొలతకు సరిపోతుంది. అదే చట్టం సెక్షన్ 12, ఇలా వదిలిపెట్టిన మనిషికి శిక్ష వల్ల కలిగే అనర్హతలు అంటవని చెబుతుంది. మేజిస్ట్రేటు ఆమెను మందలించి వదిలారు. తీర్పులో ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12 వర్తిస్తుందన్న వాక్యం స్పష్టంగా రాయమని కోరి రాయించుకున్నాము, ఎందుకంటే దాన్ని రేపు చదవబోయేది న్యాయమూర్తి కాదు, క్లియరెన్స్ కౌంటరులో కూర్చున్న ఉద్యోగి.

1990 సంవత్సరంతో పాస్‌పోర్టు వచ్చింది. క్లియరెన్స్ సర్టిఫికెట్ దరఖాస్తుకు తీర్పు నకలు జతచేసి ఇచ్చాము, దాని మీద జిల్లా పోలీసు కార్యాలయం న్యాయ సలహా అడిగింది. ఏజెంటు మీద ఫిర్యాదు కేసులో ఆమె ప్రధాన వాంగ్మూలం పూర్తయింది, క్రాస్ ఎగ్జామినేషన్ జరగాలి. అఫిడవిట్ మీద ముద్ర ఎవరిదన్నది ఆ కేసులో తేలవలసి ఉంది. నోటరీకి సమన్లు వెళ్ళాయి, ఆ ఏటి నోటరీ రిజిస్టరు వెంట తెమ్మని అందులో రాయించాము.